జవాబిచ్చే నంబరు

నాలుగో మేకు నిలవడం లేదు. సుత్తితో కొడితే దిగుతోంది, తాడు బిగించగానే పైకి లేచి వస్తోంది. వరద నీళ్ళు తీసి రెండు రోజులైనా బడి ఆవరణలో నేల ఇంకా నానిన అట్టలాగే ఉంది. అతను సుత్తి పక్కన పెట్టి, కూలిన ప్రహరీ గోడ దగ్గర రెండు ఇటుక ముక్కలు ఏరుకొచ్చి, మేకుకు అటొకటి ఇటొకటి దిగగొట్టాడు. తాడు పట్టుకుని ఒంటి బరువంతా వేసి లాగాడు. ఈసారి కదల్లేదు. తలెత్తి చూశాడు. ముప్పై అడుగుల గొట్టం నిటారుగా నిలబడి ఉంది.

విపత్తు సహాయ సంస్థలో అతన్ని అందరూ స్తంభం అంటారు. ఐదడుగుల మనిషి. సన్నటి చేతులు, ముందుకు వంగిన మెడ. ఎత్తు చూసి పెట్టిన పేరు కాదది, ఇరవై ఏళ్ళుగా స్తంభాలు ఎత్తడం చూసి పెట్టింది. గాలివాన వచ్చినా, వరద వచ్చినా, భూమి కదిలినా ముందు పడిపోయేవి ఫోను టవర్లే. అప్పుడు ఈ సంస్థవాళ్ళు వ్యానులో ఒక పెట్టె వేసుకుని వస్తారు. స్తంభం ఎత్తి, ఆకాశంలోని ఉపగ్రహం వైపు పళ్ళెం తిప్పి, పెట్టెకు కరెంటు ఇస్తే చుట్టుపక్కల నాలుగైదు వీధుల్లో ఫోన్లు పని చేస్తాయి. మనిషికి మూడు నిమిషాలు. బతికే ఉన్నామని చెప్పుకోవడానికి అది చాలు.

"బాబాయ్, అయిందా? గేటు దగ్గర తోసుకుంటున్నారు" అని అరిచింది ఇంజినీరమ్మ. ముప్పై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చెవి వెనక పెన్సిలు.

"అయిందమ్మా. పళ్ళెం ఒక్కసారి సరిచూడు."

ఈసారి వ్యానులో రెండు పెట్టెలు వచ్చాయి. ఒకటి పాతది, ట్రంకు పెట్టెంత ఉంటుంది, మూలలన్నీ సొట్టలు. రెండోది కొత్తది, అన్నం డబ్బా కన్నా కాస్త పెద్దది. కొత్తదానికి పై ఆఫీసు అనుమతి సాయంత్రానికి వస్తుంది. అంతవరకు పాతదే. ఆ తర్వాత పాతదాన్ని గోదాములో పడేస్తారు. నెలాఖరుకు అతనికీ అరవై నిండుతాయి.

"నువ్వూ నీ పెట్టే ఒక్కసారే దిగిపోతున్నారు, స్తంభం. జోడీ కుదిరింది" అన్నాడు డ్రైవరు, జనరేటరులో నూనె పోస్తూ. "పెట్టెకైతే గోదాములో చోటుంది. నీకు ఎక్కడో మరి."

అతను నవ్వాడు. పాత పెట్టె ముందు చతికిలబడి మూత ఎత్తాడు. ఎర్ర దీపం వెలిగింది. తర్వాత పసుపు. పచ్చ దీపం వెలగడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. ఆ పదకొండు నిమిషాలూ అతను మూత లోపలి వైపే చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ఒక కాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద అతని చేతిరాతలో ఒక ఫోను నంబరు. సిరా వెలిసినప్పుడల్లా దాని మీదే మళ్ళీ దిద్దాడు. పైన వేసిన అంటు పట్టీ నాలుగుసార్లు మార్చాడు.

సంస్థలో ఒక నియమం ఉంది. పచ్చ దీపం వెలిగినంత మాత్రాన జనానికి తెరవకూడదు. బయట ఊరికి ఒక ఫోను చేయాలి. అవతల ఎవరో ఒకరు తీసి, వినపడుతోందని చెప్పాలి. ఆ జవాబు వచ్చిన టైము ఫారంలో రాశాకే వరసలో మొదటి మనిషిని పిలవాలి. ఫోను చేయాల్సింది పై ఆఫీసుకు. పదకొండేళ్ళ కింద ఒక గాలివానలో, టార్చిలైటు పళ్ళ మధ్య కరుచుకుని, తడిసిన వేళ్ళతో అతను ఆఫీసు నంబరు నొక్కాడు. చివరి రెండంకెలు అటూ ఇటూ అయ్యాయి. ఎవరో ఆవిడ తీసింది.

"టెస్టు కాలండి. వినపడుతోందా?"

"వినపడుతోంది. ఎవరండీ మీరు?"

మాట ఉపగ్రహం దాకా పోయి రావడానికి కొంచెం సేపు పడుతుంది. ఆ సంగతి ఆవిడకు తెలియదు. ఇద్దరి మాటలూ మధ్యలో గుద్దుకున్నాయి. రెండుమూడు సార్లు అలా అయ్యాక అతను ఆగాడు, ఆవిడా ఆగింది. అప్పుడు చెప్పాడు. తప్పు నంబరు పోయిందని, ఇక్కడ ఊరంతా పడిపోయిందని, అవతల ఎవరో ఒకరు వినపడుతోందంటే తప్ప జనానికి ఫోన్లు తెరవకూడదని.

"అయితే వినపడుతోంది, తెరిచేయండి. పాపం ఎంతమంది ఎదురుచూస్తున్నారో" అంది ఆవిడ.

తర్వాతిసారి అతను ఆఫీసు నంబరు సరిగ్గానే నొక్కాడు. అలాంటి రోజుల్లో పై ఆఫీసు ఫోను ఎప్పుడూ ఖాళీ ఉండదు. అరగంట నొక్కి నొక్కి, విసుగొచ్చి, పోయినసారి జవాబిచ్చిన నంబరుకే చేశాడు. రెండో మోతకే తీసింది. ఆ రోజే నంబరు కాగితం మీద రాసి మూత లోపల అంటించాడు. అప్పటినుంచి ఇరవై ఆరు ఊళ్ళు. ఇరవై ఆరు ఫోన్లు.

ఆవిడ పేరు అతనికి తెలియదు. అతని పేరు ఆవిడా అడగలేదు. "పెట్టె ఆయన" అనేది. ఫోను తీయగానే వెనక కుట్టుమిషను చప్పుడు ఆగేది. ఎవరిదో దుకాణానికి చొక్కాలకు కాజాలు కుట్టేది. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, బస్సులో కండక్టరు. ఇదంతా ఒకేసారి తెలిసింది కాదు. ఒక వరదకు ఒక మాట, ఒక గాలివానకు ఒక మాట.

"ఈసారి ఏమిటి? గాలా, నీళ్ళా?"

"నీళ్ళండి."

"తిన్నారా?"

"ఇంకా లేదండి."

"తెరిచి తినండి, పోనీ."

అర నిమిషం కూడా ఉండేది కాదు. పోయినసారి మాత్రం ఫోను పెట్టబోతూ ఆవిడ ఒక మాట అంది. "మీ ఫోను రాకపోతేనే లోకానికి మంచిదండీ. కానీ రాకపోతే నాకేం తోచదు."

ఆ మాట పట్టుకుని అతను తొమ్మిది నెలలు బతికాడు.

అతనిది మేడ మీద ఒక అద్దె గది. ఒక మంచం, ఒక కిటికీ, మంచం కింద ఎప్పుడూ సర్దే ఉండే సంచి. ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియదు కనుక మొక్క పెంచలేదు, పిల్లిని చేరదీయలేదు. పెళ్ళి వయసులో అమ్మ మంచాన పడింది. అమ్మ పోయేనాటికి పెళ్ళి వయసు పోయింది. అన్న కుటుంబం ఉంది, ఏడాదికి రెండుసార్లు వెళ్తాడు, వదిన పెట్టింది తిని వస్తాడు. రేడియోలో ఎక్కడో వాయుగుండం పట్టిందని చెబితే అతని గుండె తేలికయ్యేది. వెంటనే సిగ్గు ముంచుకొచ్చేది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఆ రెండోవాణ్ణి నేనే అనుకునేవాడు.

ఒకసారి, ఎండలు మండే రోజున, తన గదిలో కూర్చుని తన ఫోను నుంచే ఆవిడకు నొక్కాడు. మోగకముందే కట్టేశాడు. తీస్తే ఏం చెప్పాలి? ఏ ఊరు మునిగిందని చెప్పాలి?

కొత్త పెట్టె తనను తానే పరీక్ష చేసుకుంటుందట. ఎవరికీ ఫోను చేయక్కర్లేదట. అంటే ఈ పొద్దు చేసే టెస్టు కాలే ఆఖరుది. అందుకే రాత్రి వ్యానులో వస్తూ ఒక చీటీ మీద తన సొంత నంబరు రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తన నంబరు తనకు తెలియక కాదు. గొంతు తడబడితే చూసి చదవడానికి. అడగాల్సిన మాట కూడా దారి పొడుగునా మనసులో అనుకుంటూనే వచ్చాడు. ఏ ఊరూ మునగకపోయినా అప్పుడప్పుడూ ఫోను చేయొచ్చా అండీ?

పచ్చ దీపం వెలిగింది.

అతను చేతులు ప్యాంటుకు తుడుచుకుని నంబరు నొక్కాడు. అవతల మోగింది. రెండో మోత, మూడో మోత. పదో మోత. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

"ఏంటి బాబాయ్, తీయలేదా? వదిలెయ్. దీపం పచ్చగానే ఉందిగా" అంది ఇంజినీరమ్మ.

"జవాబు రావాలి కదమ్మా. ఫారం..."

"ఫారం సంగతి నేను చూసుకుంటాను. అటు చూడు, ఆ ముసలమ్మ ఎప్పట్నించి నిలబడి ఉందో."

అతను అటు చూశాడు. గేటు అవతల రెండొందల మంది. ప్లాస్టిక్ సంచుల్లో ఫోన్లు, చంకల్లో పిల్లలు, పాదాలకు ఎండిన బురద. ఫారంలో జవాబు వచ్చిన టైము దగ్గర ఖాళీ వదిలేసి, లేచి గేటు తీశాడు. ఎవరి ఇంట్లోకో అడక్కుండా అడుగు పెట్టినట్టు అనిపించింది.

ముందు ముసలమ్మే వచ్చింది. కొడుకుతో మాట్లాడింది.

"ఒరే, నేను చావలేదు. ఏడవకు, ముందు ఆ ముక్కు చీదు. మీ నాన్న ఫోటో ఒక్కటే తడిసింది. ఆయనకు నీళ్ళంటే ఎప్పుడూ భయమే, చివరికి ఫోటోలో కూడా నీళ్ళు తప్పలేదు." వెనకున్నవాళ్ళు నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. మూడు నిమిషాలు కాగానే పెట్టె ఫోను కోసేస్తుంది, దానికి పది సెకన్ల ముందు రెండుసార్లు కూస్తుంది. కూత వినగానే ఆమె "సరే, ఉంటాను, ఏదో పక్షి అరుస్తోంది" అని అతని చేతికి ఇచ్చేసింది.

తర్వాత ఒక మంగలి. అతని ఫోను వరదలో పోయింది. సంస్థ ఫోను చేతికిస్తే అలాగే నిలబడ్డాడు.

"నంబరు చెప్పు అన్నా, నేను నొక్కుతాను" అన్నాడు అతను.

"అన్నీ ఫోనులోనే ఉన్నాయి. నా పెళ్ళాం నంబరు కూడా నాకు తెలీదు. పన్నెండేళ్ళయింది పెళ్ళయి." మంగలి నెత్తి కొట్టుకున్నాడు. చివరికి అతనికి గుర్తున్నది ఒక్కటే, చిన్నప్పుడు పని నేర్చుకున్న దుకాణం నంబరు. దానికే చేసి, ఆ దుకాణంవాణ్ణి బతిమాలి, పెళ్ళాం ఉన్న మరదలి ఇంటికి మనిషిని పంపించాడు. వెళ్తూ, "నీకు ఎన్ని నంబర్లు గుర్తు?" అని అడిగాడు.

"ఒకటి" అన్నాడు అతను.

మధ్యాహ్నం ఎవరో పొట్లాలు పంచారు. అతను తన పొట్లం విప్పకుండా పెట్టె మీద పెట్టి, వరస సన్నబడిన సమయం చూసి మళ్ళీ నొక్కాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. కుట్టుమిషను చప్పుడు వినపడలేదు. బజారుకు వెళ్ళి ఉంటుంది అనుకున్నాడు. పదకొండేళ్ళలో వాన పడిన రోజున ఎప్పుడూ బజారుకు వెళ్ళలేదే అని కూడా అనుకున్నాడు.

"ఎవరా మనిషి బాబాయ్? పొద్దున్నించి అదే నంబరు" అంది ఇంజినీరమ్మ, పొట్లం తింటూ.

"టెస్టు నంబరమ్మా."

"అది ఆఫీసు నంబరు కాదుగా."

"కాదు" అన్నాడు. పెట్టె మూత వైపు చూసి, "కానీ జవాబిస్తుంది" అన్నాడు.

ఆమె నమలడం ఆపి అతని వైపు చూసింది.

మధ్యాహ్నం దాటాక ఎండ కాసింది. బురద పైన పెచ్చు కట్టింది. వరసలో చివరి మనిషి, ఒక గర్భిణి, భర్తతో మాట్లాడకుండా మూడు నిమిషాలూ ఊరికే విని, కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. నాలుగున్నరకు అనుమతి వచ్చింది. ఇంజినీరమ్మ కొత్త పెట్టె బల్ల మీద పెట్టి మీట నొక్కింది. ఒక నిమిషం కూడా పట్టలేదు. పచ్చ దీపం వెలిగి, తనను తాను పరీక్ష చేసుకుని, చిన్నగా ఒకసారి మెరిసి ఊరుకుంది.

పాత పెట్టె కట్టే ముందు పనివాళ్ళకు తలా మూడు నిమిషాలు ఇవ్వడం ఆనవాయితీ. డ్రైవరు భార్యకు చేసి, తాళాలు ఎక్కడ పెట్టాడో చెప్పలేక తిట్లు తిన్నాడు. ఇంజినీరమ్మ కూతురికి చేసి పద్యం ఒప్పచెప్పించుకుంది. స్తంభం తన వంతు ఎప్పుడూ వరసలో ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాడు. ఈసారి ఎవరికీ ఇవ్వలేదు.

"ఓహో! స్తంభానికి కూడా ఎవరో ఉన్నారోయ్" అన్నాడు డ్రైవరు.

"నువ్వు వెళ్ళి తాళ్ళు చుట్టు" అని ఇంజినీరమ్మ డ్రైవర్ని అవతలికి పంపేసింది.

అతను జేబులోంచి చీటీ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నంబరు నొక్కాడు. ఒకటి. రెండు. ఆరో మోత సగంలో ఎవరో తీశారు. ఆయాసం వినపడింది.

"హలో! హలో, ఉన్నారా? పెట్టేయకండి!"

ఆవిడ గొంతు కాదు. చిన్న గొంతు.

"టెస్టు కాలండి" అన్నాడు అతను. "వినపడుతోందా?"

"వినప... మీరు పెట్టె..." మాటలు గుద్దుకున్నాయి. అవతల మనిషి ఆగింది. ఎవరో నేర్పినట్టు, ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. "వినపడుతోంది, తెరిచేయండి. ఇలాగే చెప్పమంది మా అమ్మ. మీరు పెట్టె ఆయనే కదండీ?"

"అవునండి."

"నేను కూతుర్ని. అమ్మ పోయిందండి. పోయిన నెల ఏడో తారీకున. జ్వరం అన్నారు, మూడు రోజులే ఉంది ఆసుపత్రిలో."

పోయిన నెలంతా ఎక్కడా వాన లేదు. ఏడో తారీకున అతను గోదాములో గొట్టాలకు గ్రీజు రాస్తూ కూర్చున్నాడు. పై అర నుంచి సాలెపురుగు ఒకటి దిగితే దాన్ని చీపురు మీదకు ఎక్కించుకుని బయట వదిలిపెట్టాడు. ఆ రోజు గురించి అతనికి ఇంకేమీ గుర్తు రాలేదు.

"వింటున్నారాండీ?"

"వింటున్నానమ్మా."

"అమ్మ ఒకటే గోల. నేను తీయకపోతే ఆ పెట్టె తెరవరే, అక్కడ జనం ఇళ్ళకు చెప్పుకోలేక అల్లాడిపోతారే అని. ఈ ఇంటి ఫోను లైను తీసేయించొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. వానాకాలం అంతా మా ఇంటికి రమ్మన్నా వచ్చేది కాదు తెలుసా? పెట్టె ఆయన చేస్తాడు అనేది. నిన్న వరద సంగతి టీవీలో చూశాను. పొద్దున్న నాకు బస్సు డ్యూటీ. దిగగానే పరుగెత్తుకుంటూ వచ్చాను, తాళం తీస్తుంటే మోగుతోంది. పొద్దున్న కూడా చేసి ఉంటారు కదా. పాపం జనం పొద్దుటినుంచీ అలాగే ఉన్నారా నా వల్ల?"

అతను ఆవరణ చూశాడు. వరస నిలబడిన చోట రెండొందల జతల అడుగులు బురదలో ఎండి ఉన్నాయి.

"లేదమ్మా" అన్నాడు. "పొద్దున్న నీళ్ళు తీయలేదు. ఇప్పుడే స్తంభం ఎత్తాం. నువ్వు సరిగ్గా సమయానికి తీశావు."

"హమ్మయ్య."

ఆమె వదిలిన ఊపిరి కూడా పైకి పోయి, తిరిగి కిందికి వచ్చింది.

"ఆసుపత్రిలో మీ నంబరు అడిగిందండి అమ్మ. ఒక్కసారి ఆయనకు చెప్పాలి అని. ఈ ఫోనులో వచ్చిన నంబర్లు వెతికాను. ప్రతిసారీ వేరే నంబరు. ఏది నొక్కినా పలకలేదు."

"అవి పెట్టె నంబర్లమ్మా. పెట్టె కట్టేశాక పలకవు."

"ఏం చెప్పాలనుకుందో మరి."

అతని అరచేతిలో చీటీ చెమటకు మెత్తబడింది.

"నేను ఇంకెన్నాళ్ళు ఉంచమంటారండీ ఈ ఫోను? ఉంచమంటే ఉంచుతాను. డ్యూటీ మార్చుకుంటాను. అమ్మ మాట."

అతను కొత్త పెట్టె వైపు చూశాడు. దాని పచ్చ దీపం ఎవరి జవాబూ అక్కర్లేకుండా వెలుగుతోంది.

"అక్కర్లేదమ్మా. కొత్త పెట్టెలు వచ్చాయి. అవి వాటంతటవే చూసుకుంటాయి. అమ్మ ఒట్టు తీరిపోయింది. లైను తీసేయించు."

"నిజంగానా?"

"నిజం. ఇరవై ఆరు ఊళ్ళు తెరిచింది మీ అమ్మ. ఇది ఇరవై ఏడు. ఇది నువ్వు తెరిచావు."

అవతల ఏడుపు. పెట్టె రెండుసార్లు కూసింది.

"అదేంటండీ చప్పుడు?"

"ఏం లేదమ్మా. టైము. నువ్వు తిన్నావా?"

జవాబు బయలుదేరే ఉంటుంది. దారిలో ఉండగానే పెట్టె కోసేసింది.

అతను ఫారం తీశాడు. జవాబు వచ్చిన టైము అన్న చోట ఖాళీ ఉంది. గడియారం చూసి, సాయంత్రం అయిదూ పది అని రాశాడు. ఇంజినీరమ్మ ఆ ఫారం తీసుకుని చదివింది. పొద్దున తెరిచిన పెట్టెకు సాయంత్రం వచ్చిన జవాబు అది. ఫారం మడిచి జేబులో పెట్టుకుంది.

కొత్త పెట్టెకు స్తంభం అక్కర్లేదు. స్తంభం దించడం అతనికి ఎప్పుడూ ఎత్తడంకన్నా తేలిక. ఒక్కో తాడూ వదులు చేసి, గొట్టాలు ఒకదానిలోకి ఒకటి జార్చి, బురద తుడిచి కట్టాడు. మేకులు పీకాడు. ఇటుక ముక్కలు తెచ్చిన చోటే, గోడ పక్కన, పెట్టి వచ్చాడు. ఆఖరున పెట్టె ముందు కూర్చుని అంటు పట్టీ చుట్టలోంచి ఒక ముక్క పళ్ళతో తెంపాడు. చేసేది డ్రైవరుకు కనపడకుండా మూత చాటు చేసుకున్నాడు.

నెలాఖరున అతని చేత సంతకం పెట్టించుకుని, తాళాలు తీసుకుని, అతని భుజం తట్టి పంపించారు. అతను సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గోదాము గుమాస్తా పాత సామాను మీద రాతలన్నీ గీకేయాలన్నాడు. ఇంజినీరమ్మ పెట్టె మూత ఎత్తి చూసి, "దీన్ని ముట్టుకోకు" అంది.

పెట్టె ఇప్పుడు మూడో అరలో, గొట్టాల పక్కన ఉంది. మూత లోపల రెండు కాగితం ముక్కలు. ఒకటి చాలాసార్లు దిద్దిన పాత నంబరు, రెండోది మడతలు పడిన కొత్త చీటీ మీద ఇంకో నంబరు. రెండింటి మీదా కలిపి ఒకే అంటు పట్టీ వేసి ఉంది.